పీట ఎత్తు కారు

గుడివాడ,
4 నవంబరు 2024

ప్రభువు నామమున వందనాలు.

ఒరేయ్ హరీ,

నేను ఫోను ఎత్తటం లేదని మీ ఆవిడ సుచిత్ర దగ్గర గోల చేస్తున్నావంట. ఎత్తను. నీ నంబరు బ్లాకు చేశాను. ఎందుకో నీకు తెలుసు. "రవాణా శాఖ నుంచి మాట్లాడుతున్నామండీ, అరవై దాటిన ఆడవాళ్ళంతా లైసెన్సు కోసం మళ్ళీ ఎనిమిది వేసి చూపించాలండీ" అని గొంతు మార్చి చెప్తే నిజమే అనుకుని ఎండలో ఆ గ్రౌండుకి పోయి నిలబడ్డాను. బ్రేకు ఇన్‌స్పెక్టరు కుర్రాడు. నాకు కుర్చీ వేయించి మంచినీళ్ళు తెప్పించి, "మీకెవరు చెప్పారమ్మా?" అన్నాడు. మా తమ్ముడు అని చెప్పలేక వచ్చేశాను.

ఇకనుంచి నాతో ఏదైనా చెప్పాలంటే కాగితం మీద రాయి. నాన్న పెట్టిన రూలు గుర్తుంది కదా? పైన ప్రభువు పేరు రాశాక కింద అబద్ధం రాయకూడదు. నువ్వెంత వెధవ్వైనా ఆ ఒక్కటీ తప్పలేదు. హాస్టల్లో బడి ఎగ్గొట్టి "బాగా చదువుతున్నాను" అని రాసిన ఉత్తరాల్లో పైన ఆ లైను ఉండేది కాదు. నాన్న కింద చదివేవాడే కాదు. పైన చూసి, చొక్కా వేసుకుని బస్సెక్కేవాడు.

సంగతేంటంటే, నేను కారు కొంటున్నాను. రెండు సీట్ల కారు. టాపు తీసేస్తే ఆకాశం కనపడే స్పోర్ట్స్ కారు. నవ్వటం అయ్యాక మిగతాది చదువు.

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ వ్యాను నడిపాను. వెనక టీకాల పెట్టెలు, పక్కన ఏయెన్నెమ్ములు, మధ్యలో ఎవరో ఒక బాలింత. రిటైరయ్యాక ఇంటి కారు. అందులో క్వయిరు పిల్లలు, పెళ్ళికెళ్ళే చుట్టాలు, "సిస్టరు గారూ, దారేగా, దింపెయ్యండి" అనేవాళ్ళు. మీ బావ ఉన్నప్పుడు ఆయన వాళ్ళ అన్నదమ్ములు. నేను నడిపిన బండిలో వెనక సీటు ఖాళీగా ఉన్న రోజు లేదు. అందుకని వెనక సీటే లేని బండి కొనుక్కుంటాను. పక్క సీట్లో నా హ్యాండుబ్యాగు ఉంటుంది. మా నితిన్ ఏడు సీట్లది కొనుక్కోమంటున్నాడు. వాడికి ఇంకా చెప్పలేదు.

రెండు చూశాను. ఒకటి విజయవాడలో రాకేష్ అనే డీలరు దగ్గర ఉన్న ఎర్ర బండి, కొత్త మోడలు, ఎవరో కొద్దిగా వాడి ఇచ్చేసింది. రెండోది బందర్లో లాయరు సీతారామయ్య గారి ఆకుపచ్చ బండి, నేను పుట్టకముందు ఇంగ్లండు నుంచి వచ్చింది. నర్సింగు చదివే రోజుల్లో సైకిలు తొక్కుతుంటే నన్ను దాటి వెళ్ళేది. లాయరు గారు పోయారు. సత్యవతమ్మ గారు, ఆయన భార్య, అమ్మేస్తారంట. ఫోనులో మాట్లాడాను, కానీ నా కంటే బండ్ల సంగతి నీకు తెలుసు. నీ ఐసు వ్యాను ఎటూ బందరు హార్బరుకి వెళ్తుందిగా. వెళ్ళి చూసి, ఉన్నదున్నట్టు రాయి.

మీ అక్క,
కృపాకుమారి

*

నాగాయలంక,
7 నవంబరు 2024

ప్రభువు నామమున వందనాలు.

అక్కా,

ఇదిగో, పైన రాశా. ఇంక ఈ కాగితం అయ్యేదాకా నాకు ఉపవాసమే.

నీ ఉత్తరం సుచిత్ర గట్టిగా చదివింది. నేను నవ్వలేదు. ఆవిడే నవ్వింది, ఆ గ్రౌండు దగ్గర కుర్చీ వేశారన్నప్పుడు. తర్వాత నన్ను తిట్టింది. ఇంట్లో రెండు పూటలు ఉప్పు తక్కువ కూరే. ఈ కేసు అక్కడితో కొట్టెయ్.

కారు సంగతి. కొనుక్కో. నీ ఇష్టం. కాకపోతే ఐసు వ్యాను తోలేవాడిగా నాలుగు మాటలు.

ఒకటి, నువ్వు నడిపేది ఎక్కడ? గుడివాడ, గుడ్లవల్లేరు, పెడన, బందరు. ఈ కార్తీకంలో ఆ రోడ్డు సగం రోడ్డు, సగం కళ్ళం. ధాన్యం ఆరబోసి అంచున రాళ్ళు పెడతారు. నా వ్యానుకి ఫర్వాలేదు. స్పోర్ట్స్ కారు పొట్ట రోడ్డుకి బెత్తెడు దూరంలో ఉంటది. ఆ రాయి తగిలిందంటే నూనంతా ధాన్యంలో. రైతు నిన్ను పట్టుకుని బస్తా లెక్క కట్టిస్తాడు.

ఇంకోటి, కొత్త బండి చెడిపోతే దాన్ని చూట్టానికి మనిషి లాప్‌టాప్ పట్టుకుని రావాలి. పాతది చెడిపోతే స్పానర్లు పట్టుకుని వస్తాడు. మీ గుడివాడలో చెరువుల ఇంజన్లు బాగుచేసే అంకమ్మరావు ఉన్నాడు చూడు, కార్బురేటరు అంటే వాడికి ఒళ్ళు తెలీదు, అంత ఇష్టం. కానీ పాతదానికి సామాను దొరకదు. ఒక బుష్షు కావాలన్నా ఓడెక్కి రావాల్సిందే.

బందరు ఉప్పుగాలి సంగతి నీకు చెప్పక్కర్లా. నా వ్యాను డోరు కింద చెయ్యి పెడితే అటు నుంచి వేలు కనపడుద్ది. అన్నేళ్ళు అక్కడున్న బండి అంటే రేకు ఎట్లా ఉందో రంగు చూసి చెప్పలేం. గోరుతో కాదు, అయస్కాంతం పెట్టి చూడాలి. పుట్టీ పెట్టినచోట అంటుకోదు.

అసలుది చివర. ఆ బండ్ల సీటు ఎక్కడుంటదో తెలుసా? మన వంటింట్లో పీట ఎత్తులో. విజయవాడలో ఒకాయన దిగుతుంటే చూశా. ముందు కాలు వచ్చింది, తర్వాత చెయ్యి వచ్చింది, తర్వాత "అమ్మా" అని వినపడింది, చివరకి మనిషి వచ్చాడు. నీకా, మోకాళ్ళు డ్యూటీలోనే అరిగిపోయినయ్. కాబట్టి ముందు పీట మీద కూచో. గోడా గడపా పట్టుకోకుండా లే. లేచావా, కారు కొనుక్కో. లేవలేదా, పీట నీ దగ్గర ఉండనే ఉంది, దానికి చక్రాలు పెట్టిస్తా.

బందరు వచ్చే వారం వెళ్తా.

నీ తమ్ముడు,
హరిబాబు

తా.క. పక్క సీటు హ్యాండుబ్యాగుకా? దానికి బెల్టు కూడా పెడతావా?

*

గుడివాడ,
11 నవంబరు 2024

ప్రభువు నామమున వందనాలు.

హరీ,

నువ్వు వెటకారానికి రాశావని తెలుసు. అయినా పీట తీశాను. కూర్చోవటం తేలికే. లేవటానికి గడప పట్టుకోవాల్సి వచ్చింది. రెండోసారి తిరగలి పట్టుకున్నాను. ఆస్పత్రిలో ఎంతమంది ముసలాళ్ళని "లేవండి, నడవండి, ఏం కాదు" అని లేపానో. నన్ను నేను లేపుకోలేకపోయాను. ఆ రోజు అన్నం సరిగా తినలేదు. మర్నాటి నుంచీ ప్రొద్దున ప్రార్థన అయ్యాక పీట మీద కూర్చుని లేస్తున్నాను. ఫిజియో అమ్మాయి చెప్పిన వ్యాయామాలు కూడా మొదలుపెట్టాను.

రాకేష్ ఎర్ర బండి తీసుకుని ఇక్కడికే వచ్చాడు. మర్యాదస్తుడు, నిజం చెప్పాలి. మీట నొక్కితే స్టార్టయ్యింది. ఇంకో మీట నొక్కితే టాపు దానంతటదే మడుచుకుని వెనక్కి వెళ్ళి కూర్చుంది. మా వీధి పిల్లలు చప్పట్లు కొట్టారు. ఏసీ బాగుంది. రోడ్డు మీద అతుక్కుని పోతుంది, మలుపులో ఒంటిమీద నుంచి కొంగు కూడా జారదు. గుడ్లవల్లేరు దాకా వెళ్ళాం. స్పీడు బ్రేకర్లు దాటేటప్పుడు మాత్రం కింద నుంచి బర్రుమని ఒక చప్పుడు. రాకేష్ ప్రతిసారీ "అది మామూలేనండీ" అన్నాడు. అనేటప్పుడు మాత్రం కళ్ళు మూసుకున్నాడు. కవుతరం వైపు ధాన్యం పోసి ఉంది, తిప్పేశాం.

బండి మంచిదిరా. కానీ నేను నడుపుతున్నానా, అది నన్ను తీసుకెళ్తోందా అర్థం కాలేదు. ప్రతి పనికీ అది ముందే సిద్ధంగా ఉంటుంది. నలభై ఏళ్ళు డ్యూటీ చేసినదాన్ని, చేతులకి ఏదో ఒక పని ఉండాలి నాకు.

ఆకుపచ్చ దాన్ని చూసి త్వరగా రాయి. ఎర్ర బండి కోసం రాకేష్‌ని ఇంకొకరెవరో అడుగుతున్నారంట.

అక్క

*

నాగాయలంక,
16 నవంబరు 2024

అక్కా,

బందరు వెళ్ళొచ్చా. సత్యవతమ్మ గారి ఇల్లు పెద్ద వీధిలో, లోపలికి పోయేకొద్దీ ఇంకా ఉంటది. ఆవిడ సన్నగా, తెల్లచీరలో, గొంతు మాత్రం జడ్జీ గొంతు. "మీరేనా బ్రోకరు?" అంది. కాదండీ, తమ్ముణ్ణి అన్నా. "ఏదో ఒకటి లెండి," అని షెడ్డు తాళం ఇచ్చింది.

తలుపు తీశా. బండి ఉంది. పక్క సీట్లో కోడి ఉంది. గుడ్లమీద కూచుని నన్ను చూసి మెడ పైకెత్తింది. సత్యవతమ్మ గారు వెనక నుంచి, "దాన్ని కదపమాకండి. పొదుగుతోంది. పిల్లలు అయ్యేదాకా బండి కదలదు," అంది. సరే అన్నా. కోడి ఒకవైపు, నేనొకవైపు కూచుని బండి చూశాం.

దుమ్ము కింద రంగు ఇంకా నిగనిగలాడుతోంది. అయస్కాంతం పెట్టి చూశా, డోర్ల కింద తప్ప అన్నిచోట్లా అంటుకుంది. లాయరు గారు ఏడాదికోసారి అడుగున గ్రీజు పూయించేవాడంట, పడవకి పూసినట్టు. చక్రాలకి సైకిలు లాగా పుల్లలు. పొట్ట ఎత్తుగానే ఉంది అక్కా, నేననుకున్నంత కిందకి లేదు, సీటు మాత్రం పీట ఎత్తే. ఎలకలు వైర్లు కొరికినయ్, బ్యాటరీ చచ్చింది, టైర్లు పనికిరావు, గుడ్డ టాపు పేలికలు. హారను మాత్రం నొక్కగానే మోగింది. బ్యాటరీ లేకుండా ఎట్లా మోగిందో అని భయపడ్డా. ఆవిడ రబ్బరు బుడ్డి చూపించింది. చేత్తో నొక్కేది. కోడి దానికి అలవాటు పడ్డట్టుంది, చలించలా.

తర్వాత కాఫీ ఇచ్చి, "మీ అక్కగారు ఈ బండితో ఏం చేస్తారు?" అని అడిగింది. ఆ మొహం చూస్తే ఆగలేకపోయా అక్కా. "టాపు తీసేసి, పెరట్లో పెట్టి, మట్టి నింపి, మల్లె అంట్లు పెడతారంటండీ. పెద్ద కుండీ లాగా ఉంటదని," అన్నా. ఆవిడ చిన్నగా నవ్వి ఇంకో జంతిక పెట్టింది. జోకు తెలిసిన మనిషి. నాకు నచ్చింది.

నా ఓటు ఆకుపచ్చదానికే.

హరి

*

గుడివాడ,
20 నవంబరు 2024

ప్రభువు నామమున వందనాలు.

ఒరేయ్,

నీ ఉత్తరం పైన ఖాళీ చూశాక నాన్నలాగా నేనూ కింద చదవక్కర్లేదు. అయినా చదివి నవ్వుకున్నాను. కారులో కోడి! బ్యాటరీ లేకుండా మోగే హారను! మల్లె అంట్లు! సత్యవతమ్మ గారి లాంటి పెద్దమనిషి ముందు అట్లా మాట్లాడే ధైర్యం నీకు కూడా లేదులే. అసలు బందరు వెళ్ళావా?

ఆట అయిపోయిందిగా. ఇప్పుడు పైన ఆ లైను రాసి, బండి ఎట్లా ఉందో నిజం రాయి. రేకుని తుప్పు తిన్నదా లేదా? రాకేష్ రోజూ ఫోను చేస్తున్నాడు. నేను సత్యవతమ్మ గారికి "త్వరలో వస్తానండీ" అని మాత్రం చెప్పాను.

పీట సంగతి. నిన్న ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని లేచాను. గడప పట్టుకోలేదు.

అక్క

*

గుడివాడ,
22 నవంబరు 2024

ప్రభువు నామమున వందనాలు.

హరీ,

ఇవ్వాళ సత్యవతమ్మ గారు ఫోను చేశారు. "మీ ఉద్దేశం మీ తమ్ముడు గారు చెప్పారమ్మా. మా ఆయన ఆ బండి బానెట్టు మీద కాఫీ గ్లాసు కూడా పెట్టనిచ్చేవారు కాదు. మట్టి పోసేవాళ్ళకి నేనివ్వను. విజయవాడ డీలరు ఎవరో వస్తానన్నాడు, ఆయనకే ఇచ్చేస్తాను," అన్నారు. నేను నోరు తెరిచేలోగా పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నేను నీ ఫోను ఎత్తనట్టే.

నిజంగానే అన్నావా? ఆ కోడి కూడా నిజమేనా?

నాకు ఆ బండి కావాలిరా. రెండిటిలో ఏదో ఒకటి అని నీకు రాశాను కానీ, నా మనసు మొదటినుంచీ దానిమీదే ఉంది. ఏం చేస్తావో చెయ్యి.

కృపాకుమారి

*

నాగాయలంక,
26 నవంబరు 2024

ప్రభువు నామమున వందనాలు.

అక్కా,

అంతా నిజమే. కోడి నిజం, హారను నిజం, రేకు నిజం, నేను అన్నదీ నిజం. అబద్ధాలు రాద్దామనే పైన ఖాళీ ఉంచా. రాద్దామని కూచుంటే చూసొచ్చిందే పెద్ద అబద్ధంలాగా ఉంది, ఇంక కల్పించటానికి ఏం మిగల్లా. అదే రాసేశా. పైన ఆ లైను తర్వాత పెట్టాలని తట్టలా.

నీ ఉత్తరం అందిన మర్నాడే బందరు వెళ్ళా. ఐసు దించకుండానే ముందు ఆవిడ గుమ్మంలో నిలబడ్డా. వ్యాను కింద నీళ్ళు కారి వీధంతా పారినయ్. "అమ్మా, మల్లెమొక్కలు నేను కల్పించినయ్యండీ. మా అక్క డ్రైవింగంటే ప్రాణం పెడుద్ది," అన్నా.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "మొన్న కూడా మీరు ఇంతే నిజాయితీగా చెప్పారండీ," అంది.

తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నా అక్కా. చివరకి, "కోడి కూచుంటే లేని తప్పు మొక్కకెట్లా వచ్చిందండీ?" అన్నా. ఆ ఒక్కదానికి నవ్వింది. "కోడి లేచి వెళ్ళిపోతుంది. మొక్క వేళ్ళు దించుతుంది," అంది. లాయరు గారితో కాపరం చేసిందిగా, ఆవిడతో వాదన పెట్టుకోలేం.

నవ్విందిగా, కూచోబెట్టింది. అప్పుడు చెప్పింది. ఆ బండి అన్నేళ్ళు వాళ్ళింట్లో ఉన్నా ఆవిడ ఒక్కసారి కూడా ఎక్కలేదంట. పక్క సీట్లో ఎప్పుడూ ఆయన కోర్టు కాగితాల పెట్టె కూచునేదంట. "ఇవ్వాళ కాదు, ఇవ్వాళ కేసుంది," అనేవాడంట. ఆదివారం కేసు ఉండదు కదా అంటే, ఆదివారం బండి తుడిచే రోజంట.

ఆవిడ షరతు ఇదీ. కోడి పిల్లల్ని లేపాక, నీ మనిషిని పెట్టుకుని నువ్వే బండి బాగుచేయించుకోవాలి. నువ్వే నడపాలి. ఆవిణ్ణి పక్కన కూచోబెట్టుకుని మంగినపూడి బీచి దాకా తీసుకెళ్ళి తీసుకురావాలి. ఆ నడిపే తీరు చూసి ఎవరికివ్వాలో చెప్తుందంట. నేను మాత్రం ఆ రోజు వీధి మొదట్లో కూడా కనపడకూడదంట. కాబట్టి రాను.

అంకమ్మరావుతో మాట్లాడా. వాడు ఇప్పట్నించే నిద్రపోవట్లా. రెండు కార్బురేటర్లంట దానికి, ఒకటే అనుకున్నాడు పాపం.

ఒకమాట. బ్రేకులు బరువుగా ఉంటాయ్, ముందునుంచే తొక్కు. ఫస్టు గేరు వెయ్యాలంటే బండి పూర్తిగా ఆగాలి. నీళ్ళు వేడెక్కుతున్నయ్యేమో మీటరు చూసుకుంటూ ఉండు. బీచి రోడ్డులో నీడ ఉండదు.

హరిబాబు

*

గుడివాడ,
9 డిసెంబరు 2024

హరీ,

అంతా అయిపోయింది. శనివారం వెళ్ళాను. కోడి తొమ్మిది పిల్లల్ని లేపింది. అంకమ్మరావు వారం పాటు షెడ్డులోనే ఉన్నాడు. బండి స్టార్టయ్యింది, వీధి కూడా దాటింది. రొయ్యల చెరువుల దగ్గరికి వచ్చేసరికి పొగలు కక్కి ఆగిపోయింది. సత్యవతమ్మ గారు ఎండలో గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడ్డారు. నేను ఆటో పిలిచి ఆవిణ్ణి ఇంటికి పంపించాను. ఆటో ఎక్కి గొడుగు ముడిచేశారు. 

రాకేష్ లారీ తెచ్చి ఆకుపచ్చ బండిని ఎక్కించుకుపోయాడు. నేను ఎర్రదానికి అడ్వాన్సు ఇచ్చేశాను. మీట నొక్కితే స్టార్టవుతుంది, చాలు.

మొదట నువ్వు ఆ మల్లెమొక్కల మాట అనకపోతే ఆవిడ ఈ పరీక్ష పెట్టేదే కాదు. తొందరపడకుండా బాగుచేయించుకుని తెచ్చుకునేదాన్ని. ఇంక దీని గురించి నాకు రాయొద్దు.

కృపాకుమారి

*

విజయవాడ బస్టాండు,
12 డిసెంబరు 2024

ప్రభువు నామమున వందనాలు.

అక్కా,

రాయొద్దన్నావు. రాస్తున్నా. ఈ కాగితం బస్టాండులో కొన్నా, పెన్ను పక్కనాయన్ది, ఆయన బస్సు వచ్చేలోగా అయిపోవాలి.

నీ ఉత్తరం చదివి వ్యాను ఆపేశా. ఐసు వేరేవాళ్ళకి చెప్పా. ముందు బందరు వెళ్ళా. సత్యవతమ్మ గారు పమిడిముక్కలలో చెల్లెలి ఇంటికి వెళ్ళారంట, ఇల్లు తాళం. షెడ్డు తలుపు సందులోంచి చూశా. ఖాళీ. నూనె మరక ఉంది. తల్లికోడి పిల్లల్ని వేసుకుని ఆ మరక చుట్టూ తిరుగుతోంది. నాకు అక్కడ ఏదోలా అయ్యింది, ఎందుకో తెలీదు.

అక్కణ్ణించి విజయవాడ. రాకేష్ షాపుకి వెళ్ళి, "ఆకుపచ్చ బండి ఎక్కడ పెట్టావు?" అన్నా. "ఏ ఆకుపచ్చ బండి అండీ?" అన్నాడు. ఎంత నటన! నేను నలభై ఏళ్ళుగా జనాన్ని ఆడిస్తున్నా, అట్లాంటి మొహం పెట్టటం నాకు రాదు. వెనక షెడ్డు చూస్తా అన్నా. చూపించాడు. టార్పాలిన్లు ఎత్తి చూశా. పై అంతస్తు చూస్తా అన్నా. "పైన మా అమ్మానాన్న ఉంటారండీ," అన్నాడు. అయినా ఎక్కా. వాళ్ళమ్మ పెసరట్టు పెట్టింది. తిన్నా, ఆకలిగా ఉంది. కానీ మంచం కింద కూడా చూశా.

ఎర్రదానికి నువ్వు అడ్వాన్సు ఇచ్చావంటే అదీ తెలీదంటాడు. అక్కా, ఆ మనిషితో జాగ్రత్త.

నీకో మాట చెప్పాలి. మొదటి ఉత్తరంలో పక్క సీటు హ్యాండుబ్యాగుకి అన్నావు చూడు, నవ్వుతూ రాశా గానీ నాకు కొంచెం గుచ్చుకుంది. నేను ఎక్కుతాననుకున్నా. ఎక్కి నీ గేర్లు తిడతా, నువ్వు నన్ను తిడతావు, బందరు దాకా వెళ్ళొస్తాం అనుకున్నా. ఆవిడ ముందు ఆ మాట అనేటప్పుడు ఇదేం మనసులో లేదు, ఒట్టు. నోరు దురద, అంతే. కానీ నీ బండి పోయింది. రాకేష్ ఎక్కడ దాచినా కనుక్కుంటా.

ఆయన బస్సొచ్చింది.

హరి

*

గుడివాడ,
15 డిసెంబరు 2024

ప్రభువు నామమున వందనాలు.

ఒరేయ్ హరీ,

నా కిందటి ఉత్తరం ఉంటే తీసి పైన చూడు. నేను ఆగుతాను.

చూశావా? ఖాళీ. నాన్న అయితే కింద చదివేవాడు కాదు.

అనుకున్నదానికంటే ఎక్కువే నమ్మావు. బందరు, విజయవాడ తిరుగుతావని నేను అనుకోలేదు. నాకు తిట్లు రాసి పంపిస్తావనుకున్నా. రాకేష్ నాకు ఫోను చేసి, "అమ్మా, మీ తాలూకా ఎవరో వచ్చి మా నాన్న మంచం కింద వెతికారండీ," అన్నాడు. పాపం, ఆ అబ్బాయికి ఏమీ తెలీదు. ఎర్ర బండి వద్దని వారం క్రితమే చెప్పేశాను, మర్యాదగా సరేనన్నాడు. నువ్వు వెళ్ళి ఒకసారి సారీ చెప్పు. గ్రౌండులో నేను కూర్చున్న ఆ కుర్చీకి ఇది సరిపోయిందనుకో.

ఇప్పుడు నిజంగా జరిగింది. శనివారం బండి పొగలు కక్కలేదు. రొయ్యల చెరువుల దగ్గర ఆగిన మాట నిజమే. నీళ్ళ మీటరు పైకి పోతుంటే నేనే ఆపి, బానెట్టు తీసి, చల్లారేదాకా కూర్చున్నాం. పరీక్ష పోయిందనుకున్నాను. సత్యవతమ్మ గారు దిగలేదు. గొడుగు తెరిచి నా మీద కూడా పట్టారు. "మా ఆయనకీ ఇక్కడే ఆగేదంట. ఇంటికొచ్చి నాకు చెప్పేవారు. ఆ చోటు ఎట్లా ఉంటుందా అని అనుకునేదాన్ని," అన్నారు. కాసేపు చెరువుల్లో ఏరేటరు చక్రాలు నీళ్ళు చిమ్మటం చూశాం. తర్వాత బీచి, జనం, బజ్జీలు. వచ్చేటప్పుడు ఆ పేలికల టాపు కూడా తీసేసి వచ్చాం. ఆవిడ కొంగు వెనక జెండాలాగా ఎగిరింది. వీధిలోకి వచ్చాక హారను బుడ్డి ఆవిడే నొక్కారు, ఇంటింటి దగ్గరా.

ఇంటి ముందు ఆపాక ఆవిడ దిగటానికి చాలాసేపు పట్టింది. చెయ్యి ఇచ్చాను. నేను మాత్రం ఎవరినీ పట్టుకోకుండా లేచాను. ఆవిడ అది చూసి తాళం నా చేతిలో పెట్టారు. మర్నాడే చెల్లెలి ఇంటికి వెళ్ళారు.

బండి మా ఇంట్లో ఉంది. ఆ రోజుకి అంకమ్మరావు అతుకులేసిన టైర్లు తీయించి కొత్తవి వేయించాను, టాపు కుట్టించాలి. అంకమ్మరావు రోజూ పనేమీ లేకపోయినా వస్తాడు. నితిన్ వీడియోలో చూసి, "అమ్మా, ఇందులో నేనెక్కడ కూర్చోను?" అన్నాడు. బస్సులో అన్నాను.

నాకు చెరువుల దగ్గర కూర్చున్నప్పుడు ఒకటి అనిపించింది. లాయరు గారు కోర్టు పెట్టె పెట్టుకున్నచోట నేను హ్యాండుబ్యాగు పెట్టుకుంటానని రాశాను కదా. అది ఇప్పుడు కాళ్ళ దగ్గర పెడుతున్నాను.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక బందరు వెళ్తున్నాను. పక్క సీటు ఖాళీ. అది కూడా పీట ఎత్తే. కాబట్టి నువ్వు పెట్టిన రూలే నీకూనూ. ఇంట్లో పీట మీద కూర్చో. గోడా గడపా సుచిత్రనీ పట్టుకోకుండా లే. లేచానని కాగితం మీద రాసి పంపితే ఎక్కించుకుంటాను.

అక్క

*

నాగాయలంక,
18 డిసెంబరు 2024

అక్కా,

పీట మీద కూచున్నా. ఎవర్నీ పట్టుకోకుండా, ఒక్క ఊపులో, పద్దెనిమిదేళ్ళ కుర్రాడిలాగా లేచా. వీధిలో వాళ్ళు కూడా చూసి మెచ్చుకున్నారు.

ఆదివారం గుడివాడ వచ్చేస్తున్నా. పైన ఏం రాయలేదేంటని అడగమాక. కాగితం చిన్నది.

నీ తమ్ముడు,
హరిబాబు